మిరియం నుంచి ‘మూడువందల ముప్పై నాలుగు’ దాకా: తెలుగునాట మిరప సంకరణ చరిత్రకు నామాల సాక్ష్యం

వ్యాస సంగ్రహం

తెలుగు ప్రాంతాల్లో మిరప రకాల అభివృద్ధి చరిత్రను వ్యవసాయ శాస్త్రం దిగుబడి, కారం అనే రెండు కొలతలతో నమోదు చేసింది. అదే చరిత్రను మిరప రకాల పేర్లు, సాగుకు సంబంధించిన పదాలు మరో విధంగా నమోదు చేశాయి. రైతు పెట్టుకున్న వర్ణనాత్మక నామం, పరిశోధనా కేంద్రం ఇచ్చిన సంకేతం, విపణిలో మిగిలిన అంకె అనే మూడు దశల్లో విత్తనంపై అధికారం ఎలా చేతులు మారిందో పరిశీలించడం ఈ వ్యాసం లక్ష్యం. ‘సంకరం’, ‘నకిలీ’ అన్న పదాల అర్థపరిణామాన్ని కూడా ఇందులో చర్చించాను.

కీలకపదాలు: మిరప, సంకర తేజం, సూటి రకాలు, లాం, చపాట, వృత్తిపదకోశం, రైతు హక్కులు.

1. ఉపోద్ఘాతం

తెలుగువారి రుచికి గుర్తుగా లోకం చెప్పుకునే కారం తెలుగు నేలపై పుట్టింది కాదు. మిరప జన్మస్థలం అమెరికా ఖండం. 1492 తర్వాత అది సముద్రం దాటింది. 16వ శతాబ్దంలో పోర్చుగీసు వర్తకుల ద్వారా భారతదేశ పశ్చిమ తీరానికి చేరింది. కాబట్టి శ్రీనాథుడు, అన్నమయ్య ఎరిగిన తెలుగు వంటలో కారానికి ఆధారం మిరియమే. పల్నాటి జొన్నకూటిని గురించి శ్రీనాథుని పేర చాటువులు ప్రచారంలో ఉన్నాయి. ఆ పల్నాడే నేడు మిరపసాగుకు పెట్టింది పేరు. కవి ఎరిగిన పల్నాటిలో మిరప మొక్క లేదన్నది గుర్తు చేసుకుంటే, ఒక పరాయి పంట కొద్ది శతాబ్దాల్లో ఒక ప్రాంతపు గుర్తింపుగా ఎలా మారిందో అర్థమవుతుంది.

ఈ మార్పును వ్యవసాయ శాస్త్రజ్ఞులు రకాల పట్టికల్లో చూస్తారు. సాహిత్య, భాషా విద్యార్థికి అందుబాటులో ఉన్న ఆధారం పదం. పరిశోధనా పత్రాలు విత్తనం ఎంత పండిందో చెబుతాయి. ఆ విత్తనం ఎవరిదో చెప్పవు. దాన్ని పేరు చెబుతుందన్నది ఈ వ్యాసం ప్రతిపాదన.

2. పరాయి మొక్క, ఇంటి పేరు

కొత్త మొక్క వచ్చినప్పుడు దక్షిణాది భాషలు కొత్త పదాన్ని అరువు తెచ్చుకోలేదు. తమకు తెలిసిన మిరియం పేరునే విస్తరించుకున్నాయి. తమిళంలో ‘మిళగు’ మిరియమైతే మిరప ‘మిళగాయ్’ అయింది. కన్నడంలో ‘మెణసు’ నుంచి ‘మెణసినకాయి’ ఏర్పడింది. తెలుగులో మిరియం పక్కన మిరప, మిరపకాయ నిలిచాయి. మూడింటిలోనూ ‘కాయ’ అన్న ఉత్తరపదమే భేదకం. గింజగా వాడే పాత కారానికీ, కాయగా వాడే కొత్త కారానికీ తేడా చూపడానికి భాష ఎంచుకున్న పొదుపైన మార్గమిది. 1852లో వెలువడిన బ్రౌణ్య నిఘంటువు నాటికి మిరప తెలుగులో స్థిరపడిన మాట.

ఈ సంధికాలాన్ని నిలుపుకున్న జాతీయం ఒకటి ఇప్పటికీ వాడుకలో ఉంది. ఎవరిపైనైనా ఆగ్రహంతో రగిలిపోయేవారిని ‘కారాలు మిరియాలు నూరుతున్నారు’ అంటాం. పాత కారం, కొత్త కారం ఒకే రోట్లో పడిన జంటపదమిది. నేటి వాడుకలో ‘కారం’ అనే ఒకే మాట రుచినీ, మిరపపొడినీ, కోపాన్నీ సూచిస్తుంది. ‘ఉప్పూకారం తినడం’ పౌరుషానికి పర్యాయమైంది. దిష్టి తీసే ఉప్పు పక్కన ఎండుమిరపకాయ చేరింది. ఒక పంట ఆహారంలో నిలదొక్కుకోవడం వేరు, ఆచారంలోకీ జాతీయంలోకీ ప్రవేశించడం వేరు. మిరప ఈ రెండు పనులూ చేసింది.

3. రైతు నామకరణం: సన్నం, చపాట

మిరప ప్రధానంగా స్వపరాగ సంపర్కం జరుపుకునే మొక్కే అయినా, కీటకాల వల్ల పరపరాగ సంపర్కం కూడా గణనీయంగా జరుగుతుంది. అంటే తోటలో ప్రకృతే కొంత సంకరణ చేస్తూ ఉంటుంది. రైతు చేసిన పని ఎంపిక. నచ్చిన చెట్టు కాయలను ఏరి, ఎండబెట్టి, మరుసటి ఏటి నారుకు విత్తనం దాచుకోవడంలోనే తరతరాల రకాల అభివృద్ధి జరిగింది. ఆ ఎంపికకు ప్రమాణం కన్ను, నాలుక, చేతివేళ్ళు. పేర్లు కూడా ఆ ప్రమాణాల నుంచే పుట్టాయి.

సన్నగా ఉన్నది ‘సన్నం’, గుండ్రంగా ఉన్నది ‘గుండు మిరప’. ఉమ్మడి వరంగల్ ప్రాంతపు ‘చపాట’ మిరప పేరు వినగానే వెడల్పైన, బలిసిన కాయ మనసులో మెదులుతుంది. దాన్నే టమాటా మిరప అని కూడా అంటారు. ఈ పేర్లన్నీ వర్ణనాత్మకాలు. ఎప్పుడూ చూడని వ్యక్తికి కూడా పేరు వింటే కాయ రూపు స్ఫురిస్తుంది. పేరు, వస్తువు, దాన్ని పండించే మనిషి ఒకే జ్ఞానవలయంలో ఉన్న దశ ఇది.

ఈ రకాల మధ్య భేదం నాలుకకే కాక ప్రయోగశాలకు కూడా తెలుస్తుంది. సుగంధద్రవ్యాల బోర్డు వివరాల ప్రకారం గుంటూరు సన్నంలో కారానికి కారణమైన క్యాప్సైసిన్ 0.226 శాతం, రంగు విలువ 32.11. వరంగల్ చపాటలో క్యాప్సైసిన్ 0.17 శాతం, రంగు విలువ 125.26. ఒకటి కారానికి, మరొకటి రంగుకు. పచ్చడి పట్టే గృహిణికి ఈ అంకెలతో పని లేదు. ఏ కాయ ఎరుపునిస్తుందో, ఏది ఘాటునిస్తుందో ఆమెకు తెలుసు. శాస్త్రం కొలిచినదీ లోకం ఎరిగినదీ ఇక్కడ ఒకటే.

4. లాం: సంకేతం, సంస్కృత నామం

శాస్త్రీయ ప్రజననానికి తెలుగునాట కేంద్రం గుంటూరు సమీపంలోని లాం. ఇక్కడి నుంచి వెలువడిన తొలి రకాలకు గుంటూరును సూచించే ‘జి’ అక్షరం, దాని పక్కన వరుస సంఖ్య ఉన్నాయి: జి-1, జి-2, జి-3, జి-4, జి-5. తర్వాతి కాలంలో ‘సిఎ’, ‘ఎల్‌సిఎ’ సంకేతాలు వచ్చాయి. వీటిలో ‘ఎల్’ లాం గుర్తు. ఈ దశలో ఊరి పేరు రకం పేరులో అక్షరంగా కుదించుకుపోయింది. అయినా పూర్తిగా పోలేదు.

విశేషమేమంటే పరిశోధనా కేంద్రం సంకేతంతో ఆగలేదు. జి-4కు ‘భాగ్యలక్ష్మి’ అని, జి-5కు ‘ఆంధ్రజ్యోతి’ అని పేర్లు పెట్టారు. సిఎ-960 ‘సింధూర్’ అయింది. సిఎ-1068 ‘అపర్ణ’, ఎల్‌సిఎ-206 ‘ప్రకాశ్’, ఎల్‌సిఎ-235 ‘భాస్కర్’ అయ్యాయి. ఈ పేర్ల అర్థక్షేత్రాన్ని గమనించాలి. సంపద, వెలుగు, ఎరుపు, దైవం అనే నాలుగు భావాల చుట్టూ అవి తిరుగుతాయి. ఒక్కటి కూడా కాయ ఆకారాన్ని చెప్పదు. రైతు పెట్టిన పేరు కాయను వర్ణిస్తే, సంస్థ పెట్టిన పేరు రైతుకు ఒక ఆశను ఇస్తుంది. ‘భాగ్యలక్ష్మి’ వర్ణన కాదు, వాగ్దానం. ఈ రకాల విత్తనం ప్రభుత్వ సంస్థది. కొన్న రైతు దాన్ని నిలుపుకోవచ్చు, పక్క రైతుకు ఇవ్వవచ్చు. వ్యవసాయ పరిభాషలో వీటిని ‘సూటి రకాలు’ అంటారు. తల్లి గుణం బిడ్డకు సూటిగా వస్తుందన్న భావాన్ని ఇంత స్పష్టంగా పట్టిన పారిభాషిక పదాలు తెలుగులో ఎక్కువ లేవు. దీన్ని విస్తరణ సాహిత్యం, ముఖ్యంగా ఏటా వెలువడే ‘వ్యవసాయ పంచాంగం’ వంటి ప్రచురణలు ప్రచారంలోకి తెచ్చాయి. కర్షకుడికి చేరాల్సిన శాస్త్రాన్ని పంచాంగం అనే చిరపరిచిత రూపంలో అందించిన ఈ గద్యం తెలుగు వచన చరిత్రకారుల దృష్టికి ఇంకా తగినంతగా రాలేదు.

5. ‘సంకరం’ అర్థపరిణామం

సూటి రకానికి ప్రతిపక్షం సంకర రకం. ఈ పదానికి సుదీర్ఘమైన, అంత గౌరవప్రదం కాని గతం ఉంది. ధర్మశాస్త్రాల్లో ‘వర్ణసంకరం’ దోషవాచకం. భగవద్గీత ప్రథమాధ్యాయంలో అర్జునుడు భయపడిన పరిణామం అదే. కలయిక వల్ల క్షీణత కలుగుతుందన్నది ఆ పదంలోని పాత భావం. ఆధునిక జీవశాస్త్రం సరిగ్గా దీనికి విరుద్ధమైన సత్యాన్ని నిరూపించింది. వేర్వేరు గుణాలున్న రెండు శుద్ధ వంశక్రమాలను కలిపితే మొదటి తరం సంతానం తల్లిదండ్రులిద్దరినీ మించి పెరగవచ్చు. 1914లో షల్ దీనికి ‘హెటిరోసిస్’ అని పేరు పెట్టాడు. తెలుగు వృక్షశాస్త్ర గ్రంథాల్లో అది ‘సంకర తేజం’ అయింది. దోషాన్ని సూచించిన మాట పక్కన తేజస్సు చేరింది. శాస్త్రం ఒక పదాన్ని దాని పూర్వ కళంకం నుంచి విడిపించిన సందర్భం ఇది. సమాజంలో ఆ పదానికి విముక్తి ఎంతవరకు దొరికిందన్నది వేరే ప్రశ్న.

మిరపలో సంకర తేజాన్ని భారతదేశంలో తొలిగా నమోదు చేసిన ఘనత 1933లో దేశ్‌పాండే పరిశోధనకు దక్కింది. అయితే పరిశీలనకూ విపణికీ మధ్య దశాబ్దాల దూరం ఉంది. కారణం పువ్వు నిర్మాణంలో ఉంది. మిరపపువ్వులో పుప్పొడి, కీలాగ్రం ఒకేచోట ఉంటాయి. సంకర విత్తనం కావాలంటే పువ్వు విచ్చుకోకముందే మొగ్గలోని పుప్పొడి తిత్తులను చిమటాతో తీసివేసి, తర్వాత ఎంచుకున్న మగ మొక్క పుప్పొడిని అద్దాలి. పువ్వు పువ్వుకూ ఈ పని చేయాలి. కర్ణాటకలోని రాణెబెన్నూరు పరిసరాలు ఇటువంటి సంకర విత్తనోత్పత్తికి ప్రసిద్ధి. అక్కడ ఈ పనిలో మహిళా కూలీల శ్రమే అధికం.

ఈ శ్రమను తగ్గించే మార్గం పుప్పొడి ఏర్పడని తల్లి మొక్కను ఉపయోగించడం. 1958లో అమెరికా శాస్త్రజ్ఞుడు పీటర్సన్ మిరపలో కణద్రవ్యం ద్వారా సంక్రమించే పుంవంధ్యత్వాన్ని కనుగొన్నాడు. ఆయనకు ఆ గుణం దొరికిన నమూనా, పి.ఐ. 164835, భారతదేశం నుంచి వెళ్ళినది. ప్రపంచ సంకర మిరప పరిశ్రమకు ఆధారమైన ఒక ముఖ్య సాధనం మన దేశపు తోటలో పెరిగిన మొక్క నుంచి వచ్చిందన్నమాట. ఆ నమూనాకు రైతు పెట్టిన పేరేమిటో శాస్త్ర వాఙ్మయంలో మిగలలేదు. మిగిలింది ఆరంకెల సంఖ్య మాత్రమే. పేరు అంకెగా మారే ప్రక్రియకు ఇంతకంటే స్పష్టమైన ఉదాహరణ అక్కర్లేదు.

6. దిగుబడి, కారం: రెండు లక్ష్యాలు

ప్రజనన శాస్త్రవేత్తకు దిగుబడి, కారం ఒకే స్వభావం గల లక్ష్యాలు కావు. దిగుబడి అనేక గుణాల కూడిక: చెట్టుకు కాయల సంఖ్య, కాయ బరువు, కొమ్మల విస్తృతి, తెగుళ్ళను తట్టుకునే శక్తి. కారం కాయ లోపల గింజలు అంటుకుని ఉండే తెల్లటి పొర అయిన జరాయువులో తయారయ్యే రసాయనం. గింజే కారమన్న లోకోక్తి పూర్తిగా సరికాదు; పొరకు అంటుకుని ఉండటం వల్ల గింజకు ఆ ఘాటు అబ్బుతుంది. కారం ఉండటం, లేకపోవడం అన్నది ప్రధానంగా ‘పన్-1’ అనే జన్యువు ఆధీనం. ఎంత కారం అన్నది మాత్రం మరెన్నో జన్యువులతో పాటు ఎండ, నీటి ఎద్దడి, నేల స్వభావం నిర్ణయిస్తాయి. కాబట్టి ఒక లక్ష్యం కోసం చేసిన ఎంపిక రెండోదాన్ని తనంతట తానుగా తీసుకురాదు. రెండింటినీ ఒక మొక్కలో చేర్చడమే ప్రజననంలోని అసలు కష్టం.

1912లో స్కోవిల్ కారాన్ని కొలిచే పద్ధతి ప్రతిపాదించినప్పుడు కూడా కొలసాధనం మనిషి నాలుకే. తర్వాత ఆ పని యంత్రం చేపట్టింది. కారం రసాయనంగా కొలతకు లొంగిన తర్వాత దాన్ని పిండి ఎగుమతి చేసే పరిశ్రమ పెరిగింది. చైనా తదితర దేశాలకు వెళ్ళే ఘాటైన మిరపగా ‘తేజ’ పేరు స్థిరపడింది. సంకర తేజంలోని తేజమూ, ఈ రకం పేరులోని తేజా ఒకే మాట కావడం యాదృచ్ఛికం కావచ్చు. కానీ భాగ్యలక్ష్మి చెప్పిన సంపద నుంచి తేజ చెప్పే తీక్ష్ణతకు పేర్ల దృష్టి మళ్ళడం గమనార్హం. అది రైతు ఆశ నుంచి కొనుగోలుదారు అవసరానికి జరిగిన మార్పు.

7. మిరప, మిర్చి: తోట మాట, బజారు మాట

తెలుగులో ఈ పంటకు రెండు పేర్లు సమాంతరంగా నడుస్తున్నాయి. ‘మిరపతోట’, ‘మిరపనారు’, ‘పండుమిరపకాయ’ అంటాం. కానీ గుంటూరులో ఉన్నది ‘మిర్చి యార్డు’. బండి మీద అమ్మేది ‘మిర్చి బజ్జీ’. పరిహరించలేని నియమం కాకపోయినా, సాగుకు దగ్గరైన మాట మిరప, క్రయవిక్రయాలకు దగ్గరైన మాట మిర్చి అన్న మొగ్గు స్పష్టం. తెలంగాణలో దక్కనీ ఉర్దూ సాహచర్యం వల్ల మిర్చి అన్న మాట సాగులోకి కూడా వచ్చింది.

హైదరాబాదు పాతబస్తీ ఈ ద్వంద్వానికి మంచి పరిశీలనాస్థలం. మూసీకి దక్షిణాన కిషన్‌బాగ్, బహదూర్‌పురా వంటి పేటల్లో తెలుగు, దక్కనీ ఒకే అంగడిలో వినిపిస్తాయి. నగరానికి ఎండుమిర్చి మలక్‌పేట మహబూబ్ మాన్షన్ మార్కెట్ వంటి టోకు విపణుల మీదుగా వస్తుంది. అక్కడి నుంచి గిర్నీలో పొడిగా మారి వంటింటికి చేరే సరికి ఊరి పేరూ, రైతు పేరూ రాలిపోతాయి. మిర్చీ కా సాలన్ వండే ఇంటికైనా, గొడ్డుకారం కలుపుకునే ఇంటికైనా మిగిలే విచక్షణ రెండే మాటలు: రంగు, కారం. ఇది పైన చెప్పిన ప్రయోగశాల కొలతలకు సరిగ్గా సరిపోతుంది. రైతుకు సన్నం, చపాటగా వేరైనవి నగరంలో గుణాలుగా మాత్రమే వేరవుతాయి.

8. అంకె మిగిల్చిన అయోమయం

1988 నాటి నూతన విత్తనాభివృద్ధి విధానం తర్వాత ప్రైవేటు సంకర విత్తనాల విస్తృతి పెరిగింది. నేటి గుంటూరు యార్డులో తేజ, బ్యాడిగి వంటి పేర్లతో పాటు ‘334’, ‘341’ వంటి అంకెలే రకాల పేర్లు. వీటిలో 334 మూలం లాం కేంద్రపు ఎల్‌సిఎ-334; అది సూటి రకం. విపణి దాని ముందున్న ‘ఎల్‌సిఎ’ అక్షరాలను రాల్చేసింది. 341 ఒక ప్రైవేటు సంకర రకపు సంఖ్య. ఒకటి ప్రజాసంస్థ రూపొందించినది, విత్తనం నిలుపుకోదగినది. మరొకటి కంపెనీ సొత్తు; దాని కాయల నుంచి తీసిన గింజ నాటితే రెండో తరంలో గుణాలు చెదిరిపోతాయి, చెట్టుకొక తీరుగా కాస్తుంది. రైతు జీవితాన్ని నిర్ణయించే ఈ భేదం రెండు అంకెల్లో ఎక్కడా కనిపించదు. ‘సన్నం’ కాయను చూపింది, ‘భాగ్యలక్ష్మి’ ఆశను చూపింది; ‘341’ దేన్నీ చూపదు.

ఈ అపారదర్శకత నుంచే మరో పదప్రయోగం పుట్టింది: ‘నకిలీ విత్తనం’. పూర్వపు విత్తనం పుచ్చుది కావచ్చు, తాలుది కావచ్చు, మొలకెత్తనిది కావచ్చు. నకిలీ కావడానికి వీల్లేదు. అసలు అన్న ముద్ర వేరేవారి చేతిలో ఉన్నప్పుడే నకిలీ సాధ్యమవుతుంది. సంచి మీది అక్షరాలను నమ్మడం తప్ప గింజను చూసి గుర్తించే దారి రైతుకు లేకపోవడమే ఈ విశేషణానికి పుట్టుక. పంట చేతికొచ్చాక ఆ నమ్మకం ధర రూపంలోనూ పరీక్షకు గురవుతుంది. 2017 ఏప్రిల్‌లో ధర పడిపోయి ఖమ్మం మార్కెట్ యార్డులో రైతుల ఆగ్రహం పెల్లుబికింది. అరెస్టయిన రైతులను సంకెళ్ళతో కోర్టుకు తీసుకువెళ్ళడం తీవ్ర విమర్శకు దారితీసింది. 2021లో నల్ల తామర పురుగు రెండు రాష్ట్రాల మిరపతోటలను ధ్వంసం చేసింది. సంకర తేజం దిగుబడిని పెంచగలిగింది. ఖరీదైన విత్తనంతో మొదలయ్యే సాగులోని ప్రమాదాన్ని తగ్గించలేకపోయింది. అయితే సంకర రకాలను రైతు అజ్ఞానంతో ఎంచుకున్నాడనడం సరికాదు. అధిక దిగుబడి, ఒకేరీతి కాయ, కొన్ని తెగుళ్ళను తట్టుకునే శక్తి వాస్తవ ప్రయోజనాలు. ఆక్షేపణ సంకరణపై కాదు. దాని వివరం రైతు భాషలో రైతుకు అందకపోవడంపై.

9. పేరుకు చట్టం ఇచ్చిన విలువ

పేర్ల చర్చ భాషాభిమానం మాత్రమే కాదనడానికి ఒక చట్టం సాక్ష్యం. 2001 నాటి మొక్క రకాల పరిరక్షణ, రైతు హక్కుల చట్టం 39వ సెక్షన్ ప్రకారం రైతు తన పంట నుంచి విత్తనాన్ని దాచుకోవచ్చు, నాటుకోవచ్చు, మార్పిడి చేసుకోవచ్చు, వ్యాపారముద్ర వేయకుండా అమ్ముకోవచ్చు. సంకర రకాల విషయంలో ఈ హక్కును చట్టం కాదనదు. జన్యుశాస్త్రమే నిష్ఫలం చేస్తుంది. అదే చట్టం ప్రకారం నమోదు కావాలంటే రకానికి దాన్ని గుర్తించగల పేరుండాలి. కేవలం అంకెలతో కూడినది పేరుగా చెల్లదు. విపణి మరిచిన సంగతిని చట్టం గుర్తుంచుకుంది. రైతుల రకాలు కూడా ఈ చట్టం కింద నమోదుకు అర్హమైనవే. కాబట్టి వాడుకలోంచి జారిపోతున్న ప్రతి పాత పేరూ, నమోదు కాగల ఒక హక్కుకు ఆధారం జారిపోవడమే.

పేరు నిలిస్తే ఏం జరుగుతుందో చపాట చూపింది. రైతుల ఉత్పత్తిదారుల సంస్థ, శ్రీ కొండా లక్ష్మణ్ తెలంగాణ ఉద్యాన విశ్వవిద్యాలయం కృషి ఫలితంగా 2025లో వరంగల్ చపాట మిరపకు భౌగోళిక గుర్తింపు దక్కింది. గుంటూరు సన్నానికి అంతకుముందే ఆ గుర్తింపు ఉంది. రెండూ రైతులు పెట్టిన వర్ణనాత్మక నామాలే. అంకెలేవీ ఈ గౌరవానికి నోచుకోలేదు.

10. ముగింపు

భద్రిరాజు కృష్ణమూర్తి సంపాదకత్వంలో ఆంధ్రప్రదేశ్ సాహిత్య అకాడమీ 1962లో ప్రచురించిన మాండలిక వృత్తిపదకోశం తొలి సంపుటం వ్యవసాయ పదాలది. రాష్ట్రంలో వ్యవసాయ విశ్వవిద్యాలయం ఏర్పడింది 1964లో. అంటే సంకర విత్తనాలు పల్లెకు చేరకముందు నాటి రైతు పదసంపదను ఆ కోశం భద్రపరిచింది. ఆ తర్వాతి ఆరు దశాబ్దాల సేద్యపు భాష అటువంటి మరో సంపుటం కోసం ఎదురుచూస్తోంది. ‘సూటి రకం’, ‘సంకరం’, ‘టిక్కీ’, ‘తాలుకాయ’, ‘ముచ్చిక తీయడం’, ‘పైముడత’, ‘కిందిముడత’ మొదలైన మాటలు తోటల్లో, కల్లాల్లో, యార్డుల్లో సజీవంగా ఉన్నాయి. వాటితోపాటు జిల్లాలవారీగా రైతుల మిరప రకాల పేర్లు, కాయ లక్షణాలు, విత్తనం నిలుపుకునే పద్ధతులు సేకరించే పనిని తెలుగు శాఖలు వ్యవసాయ, ఉద్యాన విశ్వవిద్యాలయాలతో కలిసి చేపట్టవచ్చు. వృక్షశాస్త్రజ్ఞుడు లక్షణాలను నిర్ధారిస్తాడు. పేరు నిజంగా ఎక్కడిదో, ఎంత పాతదో, ఏ మాటతో బంధుత్వం గలదో నిర్ధారించేది భాషాశాస్త్రజ్ఞుడే.

మిరియం పేరు నుంచి మిరపకు పేరు కల్పించుకున్న భాష, పరాయి మొక్కను తనదిగా చేసుకోగలిగింది. అదే భాష తన నేలలో రూపొందిన రకాలను అంకెలకు వదిలేస్తే, సొంతమైనది మళ్ళీ పరాయిదవుతుంది. విత్తనాన్ని నిలుపుకునే పని రైతుది. ఆ విత్తనం పేరును నిలుపుకునే పనిలో మన శాఖలకూ బాధ్యత ఉంది.